తండ్రి పాపం కొడుక్కి తగులుతుందా?

సందేహం: "తల్లిదండ్రుల పాపం పిల్లలకు తగులుతుందని ఇస్లాం కూడా చెబుతుంది" అని ఒక వ్యాసంలో రాశాను. ముస్లిం మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. మనం రోజూ అనే మాటే కదా, తప్పెక్కడ?

సమాధానం: తెలుగు వాక్యంగా తప్పు లేదు. దాన్ని ఇస్లాంకు అంటగట్టడమే తప్పు. మన వాడుకలో పాపం తగులుతుంది, చుట్టుకుంటుంది, వంశాన్ని కట్టి కుడుపుతుంది. చేసినవాడితో ఆగదు. ఖురాన్ దీన్ని ఒప్పుకోదు. "బరువు మోసే ఏ ప్రాణీ మరొకరి బరువు మోయదు" అనే మాట అందులో 5 చోట్ల ఉంది (అధ్యాయం:వాక్యం సంఖ్యలు 6:164, 17:15, 35:18, 39:7, 53:38). తండ్రి కొడుక్కీ, కొడుకు తండ్రికీ అక్కరకు రాని రోజు గురించి 31:33 విడిగా హెచ్చరిస్తుంది.

ఆ బరువుకు అరబ్బీలో 'విజ్ర్' అంటారు. పాపానికీ అదే మాట. దానికి చక్కగా అతికే నుడికారం మనకూ ఉంది: పాపం మూటగట్టుకోవడం. కాబట్టి "తల్లిదండ్రులు మూటగట్టుకున్న పాపాన్ని పిల్లలు మోయరని ఇస్లాం చెబుతుంది" అని రాయండి.

మొదటి మనిషి ఆదాము పశ్చాత్తాపపడితే అల్లాహ్ క్షమించాడని 2:37 చెబుతుంది. అందుకే ఇస్లాం గురించి రాసేటప్పుడు 'జన్మపాపం' (ఆదాము పాపం పుట్టుకతోనే అందరికీ అంటుతుందన్న భావన) అన్న మాట కూడా పొసగదు. ప్రతి బిడ్డా 'ఫిత్రా'తో, అంటే స్వచ్ఛమైన సహజ స్వభావంతో, పుడుతుందని హదీసు, అంటే ప్రవక్త మాట. పెళ్లి కాకుండా పుట్టిన పసికందును 'పాపపు బిడ్డ' అని రాసేవాళ్లను చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. తప్పు ఒప్పుకొని వచ్చిన గర్భవతికి ప్రసవమయ్యేదాకా ప్రవక్త శిక్ష ఆపిన ఉదంతం 'సహీహ్ ముస్లిం' అనే హదీసుల గ్రంథంలో ఉంది. కడుపులోని బిడ్డకు ఆ నేరంతో ఏ సంబంధమూ లేదు.

ఒకచోట మాత్రం జాగ్రత్త. ఇతరులను దారి తప్పించినవాళ్లు ఆ దారి తప్పినవాళ్ల బరువులోనూ కొంత మోస్తారని 16:25 అంటుంది. కొడుక్కి చెడు నేర్పిన తండ్రికి బరువు పెరుగుతుంది. అది తండ్రి చేసిన పనికే.

అప్పు సంగతి వేరు. వారసులు పంచుకోకముందే ఆస్తిలోంచి అప్పు తీర్చాలని 4:11 చెబుతుంది. అది బాకీ, కొడుకు పాపం కాదు. తండ్రి తాగి ఇల్లు గుల్ల చేస్తే పిల్లలు పస్తులుంటారు. అప్పుడు "తండ్రి చేసిన పనికి పిల్లలు కష్టాలు పడ్డారు" అనండి, మీ మిత్రుడూ కాదనడు.