పిల్లలతో దెయ్యాల డోనట్లు చేస్తున్నారా? ముందు పచ్చి పిండి సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాకు ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప. దెయ్యాల వేషాలు వేసే హాలోవీన్ పండక్కి ఈసారి ఇద్దరితో కలిసి ఇంట్లోనే డోనట్లు చేసి, వాటి మీద దెయ్యాలు, సాలెపురుగులు, కళ్లు అవీ పెట్టి అలంకరిద్దామని అనుకుంటున్నాం. పోయినసారి నల్ల ఐసింగ్ వేసిన డోనట్లు తిన్న మర్నాడు బాబుకు విరేచనం ముదురాకుపచ్చగా వచ్చింది, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పాపేమో పచ్చి పిండిని గిన్నెలోంచి వేలితో తీసుకుని నాకేస్తుంది. ఇంత చక్కెర తింటే పిల్లలు పట్టపగ్గాల్లేకుండా గంతులేస్తారని మా అత్తగారు అంటున్నారు. రంగులంటే కూడా భయంగానే ఉంది. చేయొచ్చా, మానేయమంటారా?

జవాబు: మానేయక్కర్లేదమ్మా, హాయిగా చేసుకోండి. ఏడేళ్ల పిల్లాడూ మూడేళ్ల పాపా ఒకే బల్ల దగ్గర కూర్చుని చేయగలిగే పని దొరకడమే కష్టం. అలాంటిది ఇద్దరూ కాసేపు ఫోన్ అడగకుండా చేతులకు పని చెబుతామంటే నేను వద్దని ఎందుకంటాను? ఐసింగ్ కోన్ పిసకడం, గీత మీద గీత గీయడం, చిన్న ముక్కను పట్టుకుని సరిగ్గా పెట్టాల్సిన చోట పెట్టడం, ఇవన్నీ వేళ్లకూ మణికట్టుకూ మంచి వ్యాయామాలే. కాకపోతే మీ భయాల వరుస కాస్త మార్చుకోవాలి. చక్కెర గురించి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడుతున్నారు, పాప పచ్చి పిండి నాకే సంగతి మాత్రం మధ్యలో ఒక్క మాటలో తేల్చేశారు. మీ ప్రశ్న చదవగానే నా కన్ను ముందు పడింది దాని మీదే.

పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చని చాలామందికి తెలుసు. అందుకే గుడ్డు వేయని పిండి అయితే కాస్త నాకినా ఫర్వాలేదనుకుంటారు. మైదా కూడా పచ్చి సరుకే. గోధుమ పొలంలో ఉన్నప్పుడే జంతువుల పేడ ద్వారానో నీళ్ల ద్వారానో ఇ.కొలై లాంటి బ్యాక్టీరియా గింజకు అంటుకోవచ్చు, మర ఆడించినంత మాత్రాన అది చావదు. పొడిగా ఉన్న పిండిలో పెరగదు గానీ నెలల తరబడి బతికే ఉంటుంది. 2016లో అమెరికాలో ఇలా మైదా వల్లే 24 రాష్ట్రాల్లో 63 మందికి ఇ.కొలై ఇన్ఫెక్షన్ వచ్చింది. ప్యాకెట్లో వచ్చే కేక్ మిక్స్‌లో ఉండేదీ పచ్చి పిండే. ఓవెన్లో పిండిని కాసేపు వేడి చేసేస్తే ఇక పచ్చిగా తినొచ్చని వీడియోల్లో చెబుతుంటారు, దయచేసి దాన్ని నమ్ముకోవద్దు, పొడి పిండిలో ఉన్న బ్యాక్టీరియా వేడిని బాగా తట్టుకుంటుంది. ఇ.కొలైలో కొన్ని రకాలు వదిలే విషం కిడ్నీలను దెబ్బతీస్తుంది, ఐదేళ్లలోపు పిల్లలకు ఆ ముప్పు మరీ ఎక్కువ, మీ పాప వయసు సరిగ్గా అదే.

కాబట్టి నా సలహా ఏమిటంటే పనిని రెండు విడతలు చేయండి. పిండి కలపడం, అచ్చుల్లో పోయడం, కాల్చడం పాప పడుకున్నప్పుడు ముగించండి. బాబు కావాలంటే మీతో ఉండొచ్చు, కొలతలు వాడి చేత కొలిపించండి, అయితే వేళ్లు నోట్లో పెట్టకూడదు, పని అయ్యాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. ఆ తర్వాత బల్ల మీద పడ్డ పిండి అంతా తడిగుడ్డతో తుడిచేసి, గిన్నెలూ గరిటెలూ కడిగేసి, చల్లారిన డోనట్లు, ఐసింగ్ గిన్నెలు పెట్టి అప్పుడు పాపను పిలవండి. పిండి దుమ్ము ఉన్న బల్ల మీదే అలంకరణ మొదలుపెడితే ఇంత జాగ్రత్తా వృథా అయిపోతుంది. ఇక పాపకు నాకడానికి ఏదో ఒకటి కావాలి, అది సహజమే, ఐసింగ్ చెంచా ఇవ్వండి. చక్కెర పొడిలో కాచిన పాలు కలిపి చేసిన ఐసింగ్ అయితే నిశ్చింతగా నాకనివ్వొచ్చు. పచ్చి గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి చేసే రకం మాత్రం వద్దు.

ఒకవేళ పాప పచ్చి పిండి ఇప్పటికే నాకేసిందనుకోండి, కంగారుపడి వాంతి చేయించకండి. అలా నాకిన పిల్లల్లో చాలామందికి ఏమీ కాదు. ఓ వారం పది రోజులు గమనిస్తే చాలు. ఇ.కొలై లక్షణాలు ఎక్కువగా మూడు నాలుగు రోజుల తర్వాత బయటపడతాయి, సాల్మొనెల్లా అంతకంటే త్వరగా. విరేచనంలో రక్తం, ఆగని వాంతులు, మూత్రం తగ్గిపోవడం, ముఖం పాలిపోవడం వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టర్‌కి చూపించండి. విరేచనాలు ఆగిపోయే మందు మీ అంతట మీరు వేయొద్దు.

కాల్చడం గురించి ఒక మాట. పిల్లలు దగ్గరుండే రోజున నూనెలో వేయించే డోనట్ల జోలికి పోవద్దు. వేయించే నూనె 180 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది, ఒక్క నీటి చుక్క పడితే చాలు చిమ్ముతుంది, పాప మొహం సరిగ్గా ఆ ఎత్తులో ఉంటుంది. అచ్చుల్లో పోసి అదే వేడిలో ఓవెన్లో పెడితే పది పన్నెండు నిమిషాల్లో అయిపోతాయి. బయటికి తీసిన ట్రేని పిల్లలకు అందనంత దూరంగా పెట్టండి. మైక్రోవేవ్‌లో కరిగించిన చాక్లెట్ పైకి మామూలుగా కనిపిస్తూనే లోపల సలసలా ఉంటుంది, అది చర్మానికి అంటుకుంటే ఓ పట్టాన వదలదు. కాలితే ఆ చోటును 20 నిమిషాల పాటు కుళాయి కింద పారే చల్లని నీళ్లలో ఉంచండి, అంతే. ఐస్ పెట్టొద్దు, టూత్‌పేస్ట్, వెన్న లాంటివి రాయొద్దు. బొబ్బ వచ్చినా, ముఖం మీదో చేతుల మీదో కాలినా డాక్టర్‌కి చూపించాల్సిందే.

ఇప్పుడు అలంకరణ. ఇక్కడ నాకు భయం కలిగించేవి కళ్లుగా పెట్టే ఆ చక్కెర బిళ్లలే. గట్టిగా, గుండ్రంగా, బఠాణీ గింజంత ఉంటాయి, మూడేళ్ల పిల్లల గొంతుకు అడ్డం పడే కొలత అది. నాలుగేళ్లలోపు పిల్లలకు గట్టి మిఠాయి బిళ్లలు, విడి గింజపప్పులు ఇవ్వకూడదని మేం ఎప్పుడూ చెబుతుంటాం, పండగ రోజని ఆ నియమం మారదు. పాప డోనట్ మీద కళ్లు ఐసింగ్‌తోనే పెట్టించండి. తెల్ల ఐసింగ్ బొట్టు పెట్టి, అది కాస్త ఆరాక మధ్యలో కరిగించిన చాక్లెట్‌తో చిన్న చుక్క పెడితే చాలు, ఆ చుక్క కాస్త పక్కకు జరిగితే దెయ్యం మెల్లకన్నుతో చూస్తున్నట్టు ఉంటుంది, పిల్లలకు అదే ఎక్కువ నచ్చుతుంది కూడా. డోనట్ రంధ్రంలో ప్లాస్టిక్ కోరలు ఇరికించి నోరు తెరిచిన రాక్షసుడిలా పెట్టడం, పైన ప్లాస్టిక్ సాలెపురుగులు గుచ్చడం ఫొటోల్లో బాగుంటాయి గానీ పాప తినేదాన్లో తినకూడని వస్తువు ఏదీ ఉండకూడదు. టూత్‌పిక్‌లు కూడా అంతే. సాలెపురుగు కాళ్లు చాక్లెట్‌తో గీసేయొచ్చు.

బల్ల మీద పెట్టే చిన్న మెరుపు దీపాల్లో గుండీలా గుండ్రంగా ఉండే బటన్ బ్యాటరీలు ఉంటాయి, మూతకు స్క్రూ లేనివి కొననే కొనకండి. బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికకు తీవ్రమైన గాయం అవుతుంది, మింగిందన్న అనుమానం వచ్చినా సరే క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తండి. పొగ కోసం డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) కూడా వద్దు, మైనస్ 78 డిగ్రీల చల్లదనం చర్మాన్ని గాయపరుస్తుంది. తినేటప్పుడు పిల్లలిద్దరూ కూర్చుని తినాలి, పరుగులు పెడుతూ కాదు. గొంతుకు ఏదైనా అడ్డం పడి పాప గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక, ఊపిరి అందక ఉంటే ముందుకు వంచి రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో ఐదుసార్లు గట్టిగా కొట్టండి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కండి, ఆ వస్తువు బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూనే ఉండండి. పక్కనున్నవారిని అంబులెన్స్‌కి ఫోన్ చేయమనండి. కనిపించని దాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు.

మెరుపు పొడి గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. కేకుల మీద చల్లే మెరుపు పొడుల్లో కొన్ని తినేవి కావు. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో 2018లో ఒక పుట్టినరోజు కేకు తిన్న ఆరుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి, చూస్తే కేకు మీద రాసిన బంగారు రంగు పొడిలో రాగి లోహం విపరీతంగా ఉంది. ఆ మరుసటి ఏడాది మిస్సోరీలో ఇలాంటి పొడి వల్లే ఏడాది బిడ్డ రక్తంలో సీసం కనిపించింది. డబ్బా మీద ‘విషం కాదు’ అని రాసి ఉంటే సరిపోదు, ‘తినదగినది’ అని ఉండాలి, ఏమేం కలిపారో ఆ జాబితా కూడా ఉండాలి. రెండూ లేకపోతే వాడకండి.

ఇక మీ బాబు విరేచనం రంగు. నల్ల ఐసింగ్ అంటే ఎక్కువగా నీలం, ఎరుపు లాంటి రంగులు చిక్కగా కలిపినదే, అందులో కొంత జీర్ణం కాకుండా అలాగే బయటికి వచ్చేస్తుంది. నీలం రంగు పేగుల్లో పసుపుపచ్చటి పైత్యరసంతో కలిస్తే ఆకుపచ్చ కాక ఇంకేమవుతుంది? పిల్లాడు ఆడుకుంటూ, తింటూ ఉంటే అది ఒకటి రెండు రోజుల్లో తనంతట అదే పోతుంది. తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో వస్తే, దాంతోపాటు కడుపునొప్పి, నీరసం, ముఖం పాలిపోవడం ఉంటే అది లోపల రక్తం పోతోందనడానికి గుర్తు, అప్పుడు ఆలస్యం చేయకూడదు. ఈసారి నలుపు కోసం ముదురు కోకో పొడి వేసి, అవసరమైతే రంగు ఒక్క చుక్క చేర్చండి. రక్తపు చారలకు బీట్‌రూట్ రసం బాగుంటుంది, మర్నాడు మూత్రం గులాబీ రంగులో వచ్చినా బెంబేలెత్తకండి. యాక్టివేటెడ్ చార్‌కోల్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) పొడితో నలుపు తెప్పించడం మాత్రం వద్దు, అది కడుపులో మందులను పట్టేసుకుంటుంది, పిల్లలు ఏదైనా మందు వాడుతుంటే అది ఒంటికి పట్టదు.

రంగుల మీద మీ భయం పూర్తిగా ఉత్తది కాదు. 2007లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు మూడేళ్ల పిల్లలకూ, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకూ కొన్ని కృత్రిమ రంగులు, నిల్వ కోసం వాడే సోడియం బెంజోయేట్ కలిపిన పానీయం ఇచ్చి చూస్తే చంచలత్వం కాస్త పెరిగింది. అందుకే యూరప్‌లో 2010 నుంచి అలాంటి ఆరు రంగులు వాడిన ఆహారం మీద హెచ్చరిక రాయాల్సిందే. ప్రభావం చిన్నదే, అందరు పిల్లల్లో ఒకేలా ఉండదు. ఏడాదికి ఒక రోజు తినే రెండు డోనట్ల గురించి నిద్ర పాడు చేసుకోనక్కర్లేదు.

చక్కెర సంగతికి వస్తే, మీ అత్తగారు అన్నది చాలా ఇళ్లలో వినిపించే మాటే గానీ పరిశోధనల్లో నిలబడలేదు. 23 అధ్యయనాలను కలిపి విశ్లేషించి 1995లో ప్రచురించిన సమీక్షలో చక్కెర పిల్లల ప్రవర్తనను మార్చినట్టు తేలలేదు. అంతకుముందు ఏడాది ఇంకో అధ్యయనంలో ఐదు నుంచి ఏడేళ్ల అబ్బాయిలందరికీ చక్కెర లేని పానీయమే ఇచ్చి, సగం మంది తల్లులకు మాత్రం బాగా చక్కెర ఇచ్చామని చెప్పారు. ఆ తల్లులకే తమ పిల్లలు మరీ అల్లరి చేస్తున్నట్టు అనిపించింది! పండగ, స్నేహితులు, వేషాలు, ఆలస్యంగా పడుకోవడం, ఇవి చాలవూ పిల్లలు గంతులేయడానికి? అయినా చక్కెరకు హద్దు ఉండాలి, పళ్ల కోసం, బరువు కోసం. రెండేళ్లు దాటిన పిల్లలకు పైనుంచి కలిపే చక్కెర రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు మించకూడదన్నది అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సిఫారసు. ఐసింగ్ దట్టించిన పెద్ద డోనట్ ఒక్కటే అందులో చాలా భాగం తినేస్తుంది. చిన్న అచ్చులు వాడండి, భోజనం అయ్యాక వెంటనే పెట్టండి, బల్ల మీద వదిలేసి సాయంత్రమంతా కొరుక్కుంటూ తిరగనివ్వకండి, పళ్లు పుచ్చడానికి అసలు కారణం అలా మాటిమాటికీ తినడమే. పడుకునే ముందు బ్రష్ చేయించడం మరవొద్దు.

మూడేళ్ల వయసులో నిజానికీ ఊహకీ తేడా ఇంకా సరిగ్గా తెలియదు, చీకటన్నా దెయ్యాలన్నా భయం మొదలయ్యేది అప్పుడే. పాప దెయ్యం బొమ్మ వద్దంటే బలవంతపెట్టకండి, నవ్వకండి, నవ్వే పిల్లిని చేసుకోనివ్వండి. తన చేతులతో తానే చేసి, పేరు పెట్టి, తినేసే దెయ్యమంటే చాలామంది పిల్లలకు భయం ఉండదు.

వేరే పిల్లలను కూడా పిలుస్తుంటే వాళ్ల అమ్మానాన్నలను ముందే అడగండి, గుడ్డు, పాలు, గింజపప్పులు, గోధుమ ఏదైనా పడదా అని. గుడ్డు పడని పిల్లల్లో కొందరు బాగా కాల్చిన గుడ్డును తట్టుకుంటారన్నది నిజమే, దాన్ని మీ ఇంట్లో పరీక్షించొద్దు. తిన్న కాసేపటికి ఒంటి మీద దద్దుర్లతోపాటు పెదవులు వాచినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరికి ఇబ్బందిపడినా, వెంటనే అంబులెన్స్ పిలవండి, తీవ్రమైన ఎలర్జీకి వాడే అడ్రినలిన్ ఇంజెక్షన్ వాళ్ల దగ్గర ఉంటే ముందు అది ఇవ్వండి. ఇంజెక్షన్‌తో తగ్గినట్టు కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు.