రెఫరీ కావాలనుకుంటున్న మా అమ్మాయికి

చి. అమ్మాయికి ఆశీస్సులు.

బాస్కెట్‌బాల్ రెఫరీగా మగవాళ్ల ఆటలవైపు వెళ్లాలా, ఆడవాళ్ల ఆటలవైపు వెళ్లాలా అని అడిగావు. అమెరికాలో ఆడవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ అనేది మగవాళ్ల లీగ్ ఎన్‌బీఏకి వెళ్లే దారిలో ఒక మెట్టు మాత్రమేనని నీకెవరో చెప్పినట్టున్నారు. ఆ మాట మనసులోంచి తీసెయ్యమ్మా. 1997లో వయొలెట్ పామర్, డీ కాంట్నర్ తొలి మహిళా రెఫరీలుగా ఒకేసారి ఎన్‌బీఏలో అడుగుపెట్టారు. పామర్ 2006లో ప్లేఆఫ్ ఆటకి కూడా రెఫరీగా నిలబడ్డారు. కాంట్నర్‌ని 2002లో తీసేశారు. అయినా ఆవిడ విజిల్ వదల్లేదు. మహిళల కాలేజీ ఆటల్లో, డబ్ల్యూఎన్‌బీఏలో ఏళ్ల తరబడి పైస్థాయిలో పనిచేశారు. నా లెక్కలో ఇద్దరిదీ ఒకే స్థాయి. ఎన్‌బీఏలో మూడో మహిళ లారెన్ హోల్ట్‌క్యాంప్ రావడానికి 2014 దాకా పట్టింది. ఆ తర్వాత మాత్రం వరసగా వస్తున్నారు, కాబట్టి ఆ ఆశ కూడా వదులుకోకు.

దారి దాదాపు అందరికీ ఒకటే. ముందు స్కూలు ఆటలు, తర్వాత కాలేజీ, తర్వాత ఎన్‌బీఏకి కిందిస్థాయి లీగ్ అయిన జీ లీగ్. ఎన్‌బీఏ తన రెఫరీలను తయారు చేసుకునేది అక్కడే. మధ్యలో వేసవి క్యాంపులుంటాయి, కొత్త రెఫరీలను వెతికే స్కౌట్లు చూసేది వాటిలోనే. క్యాంపులో తప్పు విజిల్ వేశానని కుంగిపోకు. పొద్దున చెప్పిన సవరణ సాయంత్రం ఆటలో నీలో కనిపించిందా లేదా అన్నదే వాళ్లు ఎక్కువగా గమనిస్తారు.

నీ వీడియో రెండుసార్లు చూశాను. ముగ్గురు రెఫరీల్లో పక్కగీత దగ్గర నిలబడే స్లాట్‌లో ఉన్నావు, డ్రైవ్ (బంతితో బుట్టవైపు దూసుకెళ్లడం) నీ వైపు నుంచే మొదలైంది, నీ కళ్లు మాత్రం బంతి వెంట పోయాయి. బంతి ఫౌల్ చెయ్యదమ్మా. అడ్డుకునే ఆటగత్తెని, డిఫెండర్‌ని చూడు. పాదాలు ముందే చేరాయా, నిట్టనిలువుగా ఎగిరిందా, ఒళ్లు ముందుకు వాలిందా? అది కనబడాలంటే బంతి ఉన్నామెకీ డిఫెండర్‌కీ మధ్య సందు నీకు కనబడాలి. ఒకరి వెనక ఒకరు ఒకే గీతలో ఉంటే చెయ్యి తగిలిందో లేదో తెలీదు, ఊహించి విజిల్ వేస్తావు. చాలాసార్లు ఒక్క అడుగు పక్కకి జరిగితే చాలు. డ్రైవ్ మొదలవ్వకముందే ఆ అడుగు వెయ్యాలి, తర్వాత వేస్తే లాభం లేదు. ఇంకో సంగతి. బుట్ట కింద గీత దగ్గరుండే రెఫరీ, లీడ్, ముందర పోస్ట్‌లో (బుట్ట పక్క చోట్లో) తోపులాట జరుగుతుంటే నువ్వూ అటే చూశావు. అది ఆ లీడ్ పని. ముగ్గురూ ఒకేచోట చూస్తే, వెనక స్క్రీన్ దగ్గర (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడే చోట) ఏం జరిగినా పట్టించుకునేవాళ్లుండరు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఎన్‌బీఏలో ఫుల్‌టైమ్ రెఫరీలు 75కి అటూ ఇటూగా ఉంటారు, అంతే. డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ మే నుంచి మొదలై శరదృతువు దాకా, కాలేజీ సీజన్ నవంబరు నుంచి. చాలామంది ఈ రెండూ కలిపి ఏడాదంతా నెట్టుకొస్తారు. అందుకని ఉద్యోగం ఇప్పుడే మానెయ్యకు. సెలవు సులువుగా దొరికే ఉద్యోగం ఉంటే మరీ మంచిది.

రెండు చోట్లా చేసేటప్పుడు రూల్స్ కలిసిపోకుండా చూసుకో. కాలేజీలో అయిదో ఫౌల్‌తో ఆటగత్తె బయటికి, డబ్ల్యూఎన్‌బీఏలో ఆరోదాంతో. డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ (ఎవరినీ దగ్గరగా కాపలా కాయకుండా డిఫెండర్ బుట్ట ముందు మూడు సెకన్లకు మించి ఉండకూడదన్న రూలు) డబ్ల్యూఎన్‌బీఏలో ఉంది, కాలేజీలో లేదు. సీజన్ మారే ముందు వారం రూల్‌బుక్ మళ్లీ మొదటినుంచి చదువు, నీకు వచ్చనుకున్నా సరే.

కోచ్ అరిస్తే టెన్షన్ పడకు. అడిగినదానికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పి నీ చోటికి వెళ్లిపో. వాదన పెంచినకొద్దీ నీ చూపు ఆట మీద నుంచి పోతుంది.

ఈసారి పూర్తి ఆట వీడియో పంపు, ముక్కలు కాదు. మూడో క్వార్టర్‌లో అలసిపోయాక నీ నిలబడే చోటు ఎలా మారుతోందో చూడాలి నాకు.

ఇట్లు,
మీ పెదనాన్న