ఎండాకాలంలో చెప్పులు కరవకుండా, కాళ్లు మండకుండా ఏం చేయాలి?

మధ్యాహ్నమయ్యేసరికి చెప్పుల్లో కాళ్లు చెమటకి జారిపోతున్నాయని, బొటనవేలి సందులో పట్టీ కరుస్తోందని రాశారు. ఈ రెండు బాధలకీ మూలం ఒకటే. చెమటకి నానిన చర్మం మెత్తబడుతుంది, దానిమీద పట్టీ ఒరుసుకుంటే తొందరగా బొబ్బ లేస్తుంది. అరికాళ్లలో చెమట గ్రంథులు చాలా దట్టంగా ఉంటాయి కాబట్టి చెమటని ఆపలేం. అది ఆరిపోయేలా, కాలు చెప్పులో అటూ ఇటూ కదలకుండా చూసుకోవాలి.

నేను ఖమ్మం వైపు ఆశా కార్యకర్తని. ఎండ 44 డిగ్రీలున్నా ఇంటింటికీ తిరగక తప్పదు. నాకు అన్నిటికంటే పనికొచ్చింది మడమ వెనక పట్టీ ఉన్న శాండల్. వెనక పట్టు లేని చెప్పు ఊడిపోకుండా కాలివేళ్లు మనకి తెలియకుండానే దాన్ని బిగించి పట్టుకుంటాయి. గంటలకొద్దీ అలా నడిస్తే వేళ్ల సందులు ఒరుసుకుపోవడమే కాదు, సాయంత్రానికి పిక్కలు కూడా లాగేస్తాయి. హవాయి చెప్పులు ఇంట్లోకి, వీధి చివర కిరాణా కొట్టు దాకా చాలు. అరిగిపోయిన హవాయి వేసుకుని తారురోడ్డు మీద నడిస్తే వేడంతా అరికాలికే తగులుతుంది.

కొనేటప్పుడు సాయంత్రం పూట వెళ్లండి. పొద్దుటికంటే అప్పుడు పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. పొద్దున సరిపోయిన సైజు సాయంత్రానికి బిగుతవుతుంది. పట్టీ వెల్క్రోదైతే వదులు చేసుకోవచ్చు, నేనైతే అదే చూసి కొంటాను. రెక్జిన్ చూడటానికి తోలులాగే ఉన్నా చెమట పీల్చదు. మంచి తోలు కొంచెం పీల్చుకుంటుంది, కానీ కొత్తలో గట్టిగా ఉంటుంది. పట్టీల లోపలివైపు కొబ్బరినూనె రాసి రాత్రంతా ఉంచి, కొన్నాళ్లు ఇంట్లోనే కాసేపు వేసుకుని తిరిగితే మెత్తబడుతుంది. పెళ్లికో ప్రయాణానికో కొత్త చెప్పులు వేసుకుని బయల్దేరడం మాత్రం వద్దు.

రెండు జతలుంటే ఒకరోజు ఇది, ఒకరోజు అది వేసుకోండి. తడి పూర్తిగా ఆరుతుంది, వాసన కూడా తగ్గుతుంది. పట్టీ ఎప్పుడూ ఒకేచోట ఒరుసుకుంటుంటే బయల్దేరే ముందే అక్కడ మందులషాపులో దొరికే పేపర్ టేప్ అంటించండి. బొబ్బ లేస్తే చిదమకండి, శుభ్రంగా కడిగి పైన ప్లాస్టర్ వేయండి చాలు.

ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుంటాం గానీ వేళ్ల సందులు తుడుచుకోం. అక్కడి తడి వల్లే చర్మం తెల్లగా పాచిపోయి దురద మొదలవుతుంది. పొడిబట్టతో ఒత్తి తుడవండి. మడమలు పగిలితే రాత్రి వాజలీన్ రాయండి, వేళ్ల సందుల్లో మాత్రం రాయకండి. దురద తగ్గకపోతే డాక్టర్‌కి చూపించి మందు వాడండి.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే వాళ్ల సంగతి వేరు. పాదాల్లో స్పర్శ తగ్గితే కాలినా, రాయి గుచ్చుకున్నా తెలియదు. వేడెక్కిన డాబా మీద, గుడి ప్రాంగణంలో బండలమీద ఉత్తికాళ్లతో నడవనివ్వకండి. చెప్పులు వేసుకునే ముందు లోపల చేత్తో తడిమి చూడమనండి, రాత్రి అరికాళ్లు మీరే ఒకసారి చూడండి. చిన్న బొబ్బ కనిపించినా సొంతవైద్యం వద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.