టెక్ సందేహాలు: ట్రాక్టర్ మీదే, లాగిన్ ఎవరిది?

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి రాసే చోట ట్రాక్టర్ గోల ఏమిటని కొందరికి అనిపించొచ్చు. నగరం చుట్టుపక్కల రెండు మూడెకరాలు కొని తోట వేసినవాళ్ల నుంచి ఒకే తరహా ప్రశ్న పదే పదే వస్తోంది. అందుకే ఈసారి మిగతావన్నీ ఆపి దీనికే జవాబు.

ప్రశ్న: మాకు శంకర్‌పల్లి దగ్గర మూడెకరాలుంది. రెండెకరాల్లో మామిడి, మిగతాది ఖాళీ. గడ్డి అదుపులో ఉంచడానికి, పశువుల ఎరువు తోలడానికి మొదటిసారి మినీ ట్రాక్టర్ కొనాలనుకుంటున్నాను. ఫోన్‌లో యాప్‌తో పనిచేసే మోడల్‌కు ధర ఎక్కువ చెబుతున్నారు. ఆ యాప్ కోసం అంత పెట్టొచ్చా?

జవాబు: యాప్ చూసి ట్రాక్టర్ కొనకండి. మీ పనికి 20 నుంచి 25 హెచ్‌పీ, నాలుగు చక్రాలకూ పవర్ వచ్చే చిన్న బండి చాలు. షోరూమ్‌లో అందరూ ఇంజిన్ హెచ్‌పీ చెబుతారు, మీరు పీటీవో హెచ్‌పీ అడగండి. పీటీవో అంటే వెనక తగిలించిన పరికరాలకు ఇంజిన్ శక్తి అందించే షాఫ్ట్. మట్టిని గుల్ల చేసే రోటవేటర్‌ను తిప్పేది అదే, ఇంజిన్ హెచ్‌పీ కంటే అది తక్కువే ఉంటుంది. ఈ సైజు బండికి మీటరు నుంచి మీటరుంబావు వెడల్పు రోటవేటర్ సరిపోతుంది. మీటరు రోటవేటర్‌తో, మలుపులన్నీ కలిపి చూసుకుంటే, గంటకు అరెకరం అవుతుంది. అంటే మీ మూడెకరాలకు ఒక విడతకు ఆరు గంటల పని. ఏడాదికి నాలుగైదు విడతలు వేసి, ఎరువు తోలకం కలిపినా వంద గంటలు దాటదు.

వంద గంటల పనికి సొంత ట్రాక్టర్ ఎందుకని అడిగితే తప్పు కాదు. అద్దె బండి చవకే. అయితే వాన పడిన మర్నాడు ఊళ్లో అందరికీ అదే కావాలి, మీ వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. పైగా అద్దెకు దొరికేవి ఎక్కువగా 45 హెచ్‌పీ పెద్ద బండ్లు. అయిదు మీటర్ల ఎడంతో నాటిన మామిడిలో అవి కొమ్మలు విరుస్తాయి. మీరు కొనే దానికీ సైలెన్సర్ నిటారుగా పైకి కాకుండా పక్కకో కిందికో ఉండాలి. బోల్తా పడితే కాపాడే ఇనుప కమ్మీ ఉందా, కొమ్మల కింద దాన్ని మడిచే వీలుందా అడగండి. పీటీవో షాఫ్ట్‌కు ప్లాస్టిక్ తొడుగు లేకుండా డెలివరీ తీసుకోవద్దు. లుంగీ, చీర కొంగు దానికి చుట్టుకుంటే వదిలించుకునే టైమ్ ఉండదు. ఇంకో మాట. ట్రాక్టర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతం. అంతకుముందు ఇచ్చిన కొటేషన్ చేతిలో ఉంటే చించేసి కొత్తది రాయించుకోండి.

ఇక యాప్ సంగతి. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కాలుష్య నిబంధనలు కఠినమయ్యాయి. దాంతో వాటిలో ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అవసరమైంది. మీరు కొనే 20 హెచ్‌పీ బండి ఆ నిబంధన కిందికి రాదు. అందులో సాధారణంగా ఉండేది పాత పద్ధతి డీజిల్ పంపు, అది మెకానిక్ స్పానర్‌తో విప్పి బిగించేది. కాబట్టి ‘స్మార్ట్’ అని స్టిక్కర్ అతికించి అమ్మేది జీపీఎస్, సిమ్ కార్డు ఉన్న చిన్న డబ్బా మాత్రమే. బండి ఎక్కడుంది, ఎన్ని గంటలు తిరిగింది, మీరు మ్యాప్‌లో గీసిన గీత దాటి పోయిందా అన్నది అది చెబుతుంది. కొన్నింటిలో దూరం నుంచే ఇంజిన్‌ను లాక్ చేసే వీలు, డీజిల్ మట్టం చూసే వీలు కూడా ఉంటాయి. గట్టు ఎక్కి దిగేటప్పుడు ట్యాంకులో డీజిల్ ఊగుతుంది కనుక ఆ అంకె పట్టుకుని డ్రైవర్‌ను దొంగ అనేయకండి.

ఆ డబ్బా ఇరవై నాలుగు గంటలూ బ్యాటరీ నుంచి కొద్దికొద్దిగా కరెంటు తాగుతూ ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పరు. రోజూ నడిచే బండికి అది లెక్కలోకి రాదు. మీలా వారాంతాల్లో, ఒక్కోసారి నెలకోసారి తీసే బండికి వస్తుంది. తోటకు వెళ్లి తాళం తిప్పితే టక్‌మనే శబ్దం తప్ప ఇంకేమీ ఉండదు. సరే అని బ్యాటరీ వైరు తీసేస్తే, ‘మీ ట్రాక్టర్ ప్రమాదంలో ఉంది’ అంటూ అర్ధరాత్రి ఫోన్‌కు హెచ్చరిక. దీన్ని డిజైన్ చేసినవాళ్లలో ఒక్కరైనా షెడ్డులో నెల రోజులు నిలబెట్టిన బండిని చూశారా అని నా అనుమానం. దానికి తోడు మొదటి ఏడాది ఉచితం, ఆ తర్వాత చందా. డబ్బులు కట్టకపోతే బండి ఎన్ని గంటలు తిరిగిందన్న మీ లెక్క మీకే చూపించరు. అయితే డ్యాష్‌బోర్డు మీద గంటల మీటరు మామూలుగా ఉంటుంది, దానికి చందా లేదు. మొదటి సర్వీసు సాధారణంగా 50 గంటలకు. ఆ తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకుంటే చాలు.

దొంగతనం భయం నిజంగా ఉంటే డబ్బా పెట్టించుకోండి, కాదనను. కానీ కింది ఉత్తరం చదివాక పెట్టించుకోండి.

ప్రశ్న: నూజివీడు దగ్గర తోట కోసం మూడేళ్ల పాత మినీ ట్రాక్టర్ కొన్నాం. ఆర్‌సీ మా పేరు మీదకు మారింది. నెల తర్వాత ఒక సాయంత్రం బండి స్టార్ట్ కాలేదు. మెకానిక్ డీజిల్, బ్యాటరీ, వైరింగ్ అన్నీ చూశాడు. చివరికి తెలిసిందేమిటంటే, పాత యజమాని కొడుకు ఫోన్‌లో యాప్ ఇంకా పనిచేస్తోంది. అతను పొరపాటున ‘ఇంజిన్ లాక్’ నొక్కాడట. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ‘పొరపాటున’ అన్నది మీ మంచితనం. నిజంగా పొరపాటే అయినా, మీ తోటలో నిలబడిన బండిని ఇంకో ఊళ్లో కూర్చున్న కుర్రాడు ఆపగలిగాడు. బండి ఎప్పుడు తోటలో ఉంది, ఎప్పుడు లేదు, అంటే మీరు ఎప్పుడు ఇంట్లో ఉన్నారో ఎప్పుడు లేరో కూడా ఇన్నాళ్లూ అతనికి కనిపిస్తూనే ఉంది. నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఇదే.

బండి చేతులు మారితే ఫారం 29, ఫారం 30 ఉన్నాయి. ఫైనాన్స్ తీరితే దాన్ని ఆర్‌సీ నుంచి తొలగించడానికి ఫారం 35 ఉంది. యాప్ ఖాతా మార్చడానికి ఏ ఫారమూ లేదు. అసలు దాన్ని ఆస్తిలో భాగమని ఎవరూ అనుకోరు. కొత్త బండి విషయంలోనూ ఇదే తంతు. డెలివరీ రోజు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించే హడావిడిలో షోరూమ్ కుర్రాడు ‘సార్, యాప్ నేను చేసేస్తా’ అని తన నంబరుతోనే రిజిస్టర్ చేస్తాడు. ఓటీపీ అతని ఫోన్‌కే వస్తుంది. లేకపోతే డ్రైవర్ నంబరు ఇస్తారు. ఆరు నెలలకు కుర్రాడు ఉద్యోగం మారతాడు, డ్రైవర్ పని మానేస్తాడు, సిమ్ పడేస్తాడు. రద్దయిన నంబరును టెలికం కంపెనీలు 90 రోజుల గడువు తర్వాత మరొకరికి ఇచ్చేయొచ్చు. అప్పుడు మీ ట్రాక్టర్ ఓటీపీ ముక్కూ మొహం తెలియని మనిషికి వెళ్తుంది.

దూరం నుంచి బండి ఆపడం కల్పిత కథేమీ కాదు. 2022లో ఉక్రెయిన్‌లోని మెలిటొపోల్‌లో ఒక డీలర్ దగ్గర నుంచి రష్యన్ సైనికులు ఎత్తుకెళ్లిన వ్యవసాయ యంత్రాల్లో కొన్ని రష్యాలోని చెచెన్యా దాకా వెళ్లాయి. తీరా చూస్తే దూరం నుంచే వాటిని లాక్ చేసేశారు, ఒక్కటీ స్టార్ట్ కాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ మీట ఎవరి చేతిలో ఉందన్నదే తోచింది. అదే ఏడాది ఆగస్టులో లాస్ వేగాస్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో ఒక పరిశోధకుడు ట్రాక్టర్ తెరను ఛేదించి అందులో వీడియో గేమ్ ఆడించి చూపించాడు. అది పెద్ద పెద్ద కంపెనీలు కోట్లు ఖర్చు పెట్టి రాయించిన సాఫ్ట్‌వేర్. మన మినీ ట్రాక్టర్ డబ్బాకు భద్రతా అప్‌డేట్ ఎన్నేళ్లు వస్తుందని షోరూమ్‌లో అడిగి చూడండి, ఆయిల్ మార్చే తేదీ చెబుతారు.

మీరు చేయాల్సింది ఇది. పాత యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని అతని యాప్‌లోంచే బండిని తొలగించండి. ఆ తర్వాత ఆర్‌సీ కాపీ, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరుతో కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ రాసి, మీ నంబరు తప్ప ఇంకే నంబరూ ఆ బండికి జత చేసి లేదని రాతపూర్వకంగా తీసుకోండి. డీలర్ నోటిమాట సరిపోదు. బండికి ఇంకా ఫైనాన్స్ నడుస్తోందేమో కూడా ఆర్‌సీలో చూసుకోండి. ఫైనాన్స్ వాళ్లు సొంతంగా ఇంకో జీపీఎస్ డబ్బా సీటు కిందో డ్యాష్‌బోర్డు వెనకో పెట్టించి ఉండొచ్చు. ఇంజిన్ లాక్ ఆప్షన్ మీకు అవసరం లేకపోతే ఆ వైరునే సర్వీస్ సెంటర్‌లో తీయించేయండి. మీరే కట్ చేస్తే వారంటీ పోయిందంటారు.

తప్పంతా వాడేవాళ్లదని నేననను. చవకరకం ఫోన్‌కు కూడా ఫ్యాక్టరీ రీసెట్ ఉంటుంది. లక్షలు పోసిన ట్రాక్టర్ డబ్బాకు ఆర్‌సీ చూపించి పాత ఖాతాలన్నీ తుడిచేసే మీట ఎందుకు ఉండదు? మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ‘రిపేరు హక్కు’ కోసం కమిటీ వేసినప్పుడు ఎంచుకున్న రంగాల్లో వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి. మాటలన్నీ విడిభాగాల చుట్టూనే తిరిగాయి. లాగిన్ కూడా విడిభాగమేనని ఎవరైనా చెబితే బాగుండు.

ప్రశ్న: ‘సగం ధరకే ట్రాక్టర్, కిసాన్ ట్రాక్టర్ యోజన’ అని మా నాన్న వాట్సాప్ గ్రూపులో ఒక ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఇన్‌స్టాల్ అయ్యే యాప్) వచ్చింది. ఆయన ఇన్‌స్టాల్ చేశారు. ఏమీ తెరుచుకోలేదు, ఐకాన్ కూడా కనిపించట్లేదు. ఏమీ కాలేదు కదా అని వదిలేశాం. పర్లేదా?

జవాబు: వదిలేయకండి. ఈ వాక్యం చదవగానే లేచి ఆ ఫోన్‌లో డేటా, వైఫై ఆపేయండి. ఐకాన్ మాయమవడం అంటేనే అది లోపల పని మొదలుపెట్టిందని. ఇలాంటివి ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి తీసుకుని బ్యాంకు ఓటీపీలను బయటకు పంపిస్తాయి. ఆపైన నాన్నగారి పేరుతోనే అదే ఫైల్‌ను మిగతా గ్రూపుల్లోకి పంపుతాయి. ఆయనకూ అది బాగా తెలిసిన మనిషి నంబరు నుంచే వచ్చి ఉంటుంది, అందుకే నమ్మారు.

వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు కాల్ చేసి ఖాతాను, యూపీఐని తాత్కాలికంగా ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే కాల్ చేయండి. ఎంత త్వరగా చెబితే అంత మేలు, డబ్బు ఇంకో ఖాతాలోకి మారకముందే నిలపగలుగుతారు. తర్వాత నాన్నగారి ఫోన్‌లో ##002# డయల్ చేస్తే కాల్ ఫార్వర్డింగ్ ఏదైనా పెట్టి ఉంటే రద్దవుతుంది. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి తెలియనివి తీసేయండి. ఫొటోలు మాత్రం కాపీ చేసుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. యాప్ తీసేస్తే సరిపోదు. పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ రీసెట్ తర్వాతే మార్చండి, ముందు మారిస్తే కొత్తవి కూడా వాళ్లకే చేరతాయి.

‘కిసాన్ ట్రాక్టర్ యోజన’ అనే పథకం లేదు. కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం కూడా అది అబద్ధమని చెప్పింది. పీఎం కిసాన్ కింద వచ్చేది ఏడాదికి 6000 రూపాయలు, మూడు విడతల్లో. అందులో ట్రాక్టర్ ఊసే లేదు. యంత్రాలకు అసలు రాయితీలు వ్యవసాయ శాఖ ద్వారా వస్తాయి. ఆంధ్రలో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర, మనిషికి మనిషి ఎదురుగా కూర్చుని అడగండి.

నాన్నగారిని తిట్టకండి. బ్యాంకులే ‘లింకులు నొక్కవద్దు’ అని ఒక మెసేజ్, మర్నాడు ఆఫర్ లింకుతో ఇంకో మెసేజ్ పంపిస్తున్నాయి. అసలైన యాప్‌లు కూడా టార్చిలైట్ వెలిగించడానికి కాంటాక్టులు అడుగుతున్నాయి. అన్నీ అడిగేవే అయినప్పుడు దొంగది ఏదో ఆయన ఎలా పోల్చుకుంటారు? తెలియని చోట నుంచి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫోన్ ఇచ్చే హెచ్చరిక తెలుగులో వచ్చినా, లాయర్ నోటీసులా ఉంటుంది. ‘ఇది మీ బ్యాంకు మెసేజ్‌లు చదువుతుంది, వద్దు’ అని నాలుగు ముక్కల్లో రాయడానికి అంత పెద్ద కంపెనీలకు ఏమి అడ్డం?

ప్రశ్న: ఎలక్ట్రిక్ మినీ ట్రాక్టర్ తీసుకోవచ్చా?

జవాబు: లెక్క మీరే చూసుకోండి. 20 హెచ్‌పీ అంటే సుమారు 15 కిలోవాట్లు. రోటవేటర్ వేస్తే 10 కిలోవాట్ల దాకా నిలకడగా లాగుతుందనుకుందాం. బ్యాటరీ 15 యూనిట్లదైతే గంటన్నరకు ఖాళీ, అంటే ముప్పావు ఎకరం. గడ్డి కోయడానికి, ట్రాలీలో ఎరువు మోయడానికి అయితే బాగానే ఉంటుంది, శబ్దమూ ఉండదు. కానీ డెమో షోరూమ్ ముందు తారు రోడ్డు మీద చూడకండి. మీ తోటలో, మీ రోటవేటర్ తగిలించి, బ్యాటరీ అయిపోయేదాకా నడిపించమనండి. తర్వాత మీ షెడ్డులోని ప్లగ్గుకే పెట్టి ఎన్ని గంటల్లో నిండుతుందో కూడా అక్కడే ఉండి చూడండి.