ఎనుమాముల మార్కెట్ యాప్ ఆపిల్ సమీక్ష దాటాలంటే?

వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్లో అడ్తిదారులు (రైతుల సరుకు అమ్మిపెట్టే కమీషన్ ఏజెంట్లు) వాడే యాప్‌ను యాప్ స్టోరులోకి అనుమతించే ముందు ఆపిల్ సమీక్షిస్తుంది. ఆ ఆమోదం ఎలా దొరుకుతుందన్నది ప్రశ్న.

ఇలాంటి యాప్‌లు ఎక్కువగా లాగిన్ దగ్గరే ఆగిపోతాయి. సమీక్షకుడి దగ్గర మన దేశపు ఫోన్ నంబరు ఉంటుందని అనుకోకండి. ఓటీపీ అడిగితే ఆయన పని అక్కడితో సరి. పాస్‌వర్డుతో తెరుచుకునే నమూనా ఖాతా ఇవ్వండి. అది ఖాళీగా ఉండకూడదు: తేజ మిర్చి బస్తాలు, కాంటా తూకం, ధర, తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) అన్నీ అందులో కనిపించాలి. అడ్తిదారు, గుమాస్తా చూసే తెరలు వేరైతే ఖాతాలూ వేరుగా ఇవ్వాలి. బ్లూటూత్ కాంటా ఉంటే అది పనిచేసే వీడియో జతచేయండి. అడ్తి వ్యాపారం ఎలా జరుగుతుందో సమీక్షకుల కోసం ఇచ్చే వివరణలో తేలిక ఇంగ్లిషులో రాయండి. నా దృష్టిలో సగం గండం దీనితోనే గట్టెక్కుతుంది.

యాప్‌లోనే ఖాతా తెరిచే వీలుంటే, తొలగించే వీలూ యాప్‌లోనే ఉండాలి. 2022 జూన్ 30 నుంచి ఇది తప్పనిసరి.

వాడేది ఒకే సంస్థ సిబ్బంది అయితే బహిరంగ స్టోరు ఎందుకు? సంస్థలు తమ సిబ్బందికి యాప్‌లు అందించే ఆపిల్ వేదిక, ఆపిల్ బిజినెస్ మేనేజర్ ద్వారా వారికే పంపవచ్చు. సమీక్ష మాత్రం అక్కడా ఉంటుంది.