కనికట్టు బొమ్మలు చూడబోయే లహరికి

చిరంజీవి లహరికి,

మామయ్య ఆశీస్సులు. సెలవుల్లో ఫ్లోరెన్స్, రోమ్ తిరిగొస్తానని, లేని లోతుని ఉన్నట్టు కంటిని నమ్మించే అక్కడి కనికట్టు బొమ్మల్లో ఏం గమనించాలో రాయమని అడిగావు. చాలా సంతోషమేసిందమ్మా.

రైలెక్కే ముందు నువ్వుంటున్న మిలాన్‌లోనే ఒకటి చూడు. వియా టొరినోలో శాంటా మరియా ప్రెస్సో సాన్ సాటిరో అనే చర్చి ఉంది. లోపలికి అడుగుపెట్టగానే బలిపీఠం వెనక కమానుల మండపం ఒకటి చాలా లోపలికి పోయినట్టు కనిపిస్తుంది. దగ్గరికెళ్ళి పక్కనుంచి చూడు, దాని లోతు మీటరు కూడా ఉండదు. వెనక వీధి అడ్డమొచ్చి కట్టడానికి చోటు లేకపోతే, 1480లలో బ్రమాంటే అనే వాస్తుశిల్పి సున్నపు గారతో, రంగులతో ఆ లోతు పుట్టించాడు.

నేను ముఖ్యంగా చెప్పేది ఇదే. సరైన చోట నిలబడి ఆశ్చర్యపోవడం అందరూ చేస్తారు. నువ్వు అక్కణ్ణుంచి పక్కకి నడువు. బొమ్మ ఎక్కడ చెదిరిపోతుందో, ఏ గీత ముందు వంగుతుందో చూడు. పని ఎలా జరిగిందో అక్కడే తెలుస్తుంది. నాటకాలకి తెరలు రాసేటప్పుడు మేమూ మధ్య కుర్చీలో కూర్చున్నవాడి కంటినే లెక్కలోకి తీసుకునేవాళ్ళం. చివర కూర్చున్నవాళ్ళకి రాజమహలు స్తంభాలు వాలినట్టే కనిపించేవి.

ఫ్లోరెన్స్‌లో శాంటా మరియా నొవెల్లా చర్చికి వెళ్ళు. గోడ మీద చిత్రకారుడు మసాచియో వేసిన ‘త్రిత్వం’ అనే శిలువ బొమ్మ ఉంటుంది, 1427 ప్రాంతానిది. ఫొటో తర్వాత తీసుకోవచ్చు, ముందు పుస్తకంలో పెన్సిల్‌తో ఆ బొమ్మలోని పైకప్పు గళ్ళ గీతలు కిందికి పొడిగించి చూడు. అన్నీ శిలువ అడుగు దగ్గర, దాదాపు మన కంటి ఎత్తులో కలుస్తాయి. అక్కడ మేకు కొట్టి, దారాలు లాగి, తడి గార మీద గీతలు గీసుకున్నాడు. ఆ గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. అదే ఊళ్ళో బ్రాంకాచ్చి ప్రార్థనా మందిరంలో అతని బొమ్మల నీడలు చూడు. నిజం కిటికీ ఎటుందో వెలుగు అటునుంచే వచ్చినట్టు వేశాడు. వెలుగు కుదరకపోతే ఎంత మంచి పర్‌స్పెక్టివ్ (గీతలతో లోతు చూపించే పద్ధతి) అయినా కన్ను నమ్మదు. వీలైతే మాంటువా ఊళ్ళో చిత్రకారుడు మాంటెన్యా బొమ్మలు వేసిన గది కూడా చూడు, పైకప్పు గుండ్రంగా తెరుచుకుని ఆకాశం కనిపిస్తున్నట్టు ఉంటుంది.

ఇక రోమ్‌లో సంత్ ఇన్యాజియో చర్చి. దీనికి మాత్రం తీరిక పెట్టుకో. డోమ్ కట్టడానికి డబ్బు చాలకపోతే, 1685లో ఆంద్రేయా పోత్సో అనే చిత్రకారుడు సుమారు 17 మీటర్ల వెడల్పున్న గుండ్రటి కాన్వాస్ మీద డోమ్ వేసి పైన బిగించాడు. 1694కల్లా నడిమి పైకప్పుకి బొమ్మ వేయడం కూడా పూర్తిచేశాడు. అది చదునైన గోడ కాదు, వంపు తిరిగిన కప్పు. గీతని దాని మీద తిన్నగా గీస్తే కిందనుంచి వంకరగా కనిపిస్తుంది. అందుకని కప్పు కింద దారాలతో గళ్ళ వల కట్టి, చూసేవాడి కంటి చోటునుంచి ఆ గళ్ళని పైకి ఎక్కించే పద్ధతి వాడాడు. దీన్ని తన పుస్తకంలో బొమ్మలతో సహా వివరించాడు. ఆ ఓపిక తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

అక్కడ పైకప్పు కనబడేలా పెట్టిన అద్దం ముందు ఫొటోల కోసం క్యూ ఉంటుంది, దాని గురించి టెన్షన్ పడకు. నేల మీద గుండ్రటి రాతి గుర్తు వెతుక్కుని దాని మీద నిలబడి పైకి చూడు. తర్వాత బలిపీఠం వైపు నడుస్తూ స్తంభాలు ఎటు కూలుతున్నట్టున్నాయో గీసుకో. డోమ్‌కి వేరే గుర్తు ఉంది, అదీ వదలకు. చాలా చర్చిలు మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి వేళలు ముందే చూసుకో. చిన్న బైనాక్యులర్ దగ్గరుంచుకో.

గీసినవి గీసినట్టే నాకు పంపు, దిద్దకు.

ఇట్లు,
మీ మామయ్య