ఇరవై పదాల జాబితా పక్కన పెట్టండి

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు బీఏ రెండో సంవత్సరం. ఇంగ్లీషులో వ్యాసాలు, కథనాలు రాయడమే వృత్తిగా చేసుకోవాలని ఉంది. ఏడాదిగా రోజుకు ఇరవై కొత్త పదాలు అర్థాలతో సహా బట్టీ పడుతున్నాను. రాయడానికి కూర్చుంటే ఒక్కటీ గుర్తు రాదు. గుర్తొచ్చింది వాడితే మా మేడమ్ దాని కింద ఎర్ర గీత గీస్తున్నారు. నా పద్ధతిలో పొరపాటు ఎక్కడుంది? డిగ్రీ తర్వాత ఏం చదవాలి?
– ఒక విద్యార్థిని, నరసన్నపేట

జవాబు: ఏడాది పాటు విడవకుండా రోజూ కూర్చున్నారంటే రచయితకు కావలసిన ఓపిక మీకు ఉన్నట్టే. మీ జ్ఞాపకశక్తికీ ఏ లోపమూ లేదు. పదాన్ని ఒంటరిగా తీసుకుని, పక్కన ఒక తెలుగు అర్థం రాసుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది.

మనం కటిక చీకటి అంటాం, కటిక నిద్ర అనం. నిద్ర ఎప్పుడూ గాఢంగానే ఉంటుంది. ఈ జతలు మనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, వినీ వినీ పట్టుబడ్డాయి. ఇంగ్లీషులోనూ ఇంతే. అక్కడ వాన ‘హెవీ’, టీ మాత్రం ‘స్ట్రాంగ్’. అటుదిటు చేస్తే వ్యాకరణం చెడదు కానీ చదివేవారికి పంటి కింద రాయి తగిలినట్టు ఉంటుంది. మీ కాగితాల మీది ఎర్ర గీతల్లో సగం ఇలాంటివే అయి ఉంటాయని నా అనుమానం. అందుకే ‘డెసిషన్’ అంటే నిర్ణయం అని రాసుకుని ఊరుకోకండి. నిర్ణయానికి ‘మేక్’, నేరానికి ‘కమిట్’, హోంవర్కుకు ‘డూ’ అంటూ ఏ నామవాచకానికి ఏ క్రియ తోడొస్తుందో దానితో కలిపే రాసుకోండి.

అర్థాల సంగతి ఇంకా సున్నితమైనది. చెట్టు నీడన కూర్చుంటాం, గోడ మీద మన నీడ చూసుకుంటాం. మనకు రెండూ నీడలే. ఇంగ్లీషులో మొదటిది ‘షేడ్’, రెండోది ‘షాడో’. వరి, బియ్యం, అన్నం మనకు మూడు మాటలు, అక్కడ చాలా చోట్ల ‘రైస్’ ఒక్కటే సరిపోతుంది. అయితే కోతకు వచ్చిన పొలం గురించి రాసేటప్పుడు ‘పాడీ’ కావాలి. ఇవేవీ ఒక పదానికి ఒక అర్థం చొప్పున రాసుకున్న జాబితాలో దొరకవు. ఇంగ్లీషు మాతృభాష కానివారి కోసమే తయారైన నిఘంటువులు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ సంస్థలకు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు. లాంగ్‌మన్ నిఘంటువులో నిర్వచనాలను దాదాపు 2,000 తేలిక పదాలతోనే రాస్తారు. అర్థం చదివి ఆగిపోకుండా కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు కూడా చదవండి, అసలు పాఠం వాటిలోనే ఉంటుంది.

చిన్నప్పటి నుంచీ మన నోట నానిన ఇంగ్లీషు మాటలతో మరింత జాగ్రత్త అవసరం. హోటల్‌లో ఇడ్లీ తిన్నానని రాస్తే బయటి దేశపు పాఠకుడు మీరు బస చేసిన చోటును ఊహించుకుంటాడు. క్లాసులో అడిగే ప్రశ్నను మనం ‘డౌట్’ అంటాం. వాళ్లకు ఆ మాట వినగానే అపనమ్మకం స్ఫురిస్తుంది. తెలుసనుకుని ఇలాంటి మాటలను మనం నిఘంటువులో వెతకం, అందుకే ఎక్కువగా దెబ్బతింటాం.

పెద్ద పదాల మోజు గురించి ఒక్క మాట. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించాక పాలకుల ఫ్రెంచి మాటలు జనం మాటల పక్కన వచ్చి చేరాయి. ‘బై’ పక్కన ‘పర్చేజ్’, ‘ఆస్క్’ పక్కన ‘ఇంక్వైర్’ అలా నిలిచినవే. మన ఇల్లు, గృహం లాంటి జంటలివి. గృహప్రవేశానికి పిలుస్తాం కానీ పొద్దున్నే ఊడ్చేది ఇల్లే. ఇంట్లో పనికి గృహం తీసుకొస్తే ఎర్ర గీత పడక తప్పదు.

ఇక మీ జాబితా స్థానంలో ఏం చేయాలి? అమెరికా రాజనీతిజ్ఞుడు, రచయిత బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో బోస్టన్‌లో అన్న నడిపే అచ్చుకూటంలో పని నేర్చుకుంటూ చేసిన సాధన నాకు తెలిసిన అన్ని పద్ధతుల్లోకీ ఉత్తమం. ‘స్పెక్టేటర్’ అనే లండన్ పత్రికలోని వ్యాసాలు ఆయన చేతికి వచ్చాయి. ఒక్కో వాక్యంలోని భావాన్ని క్లుప్తంగా గుర్తు రాసుకుని, కొన్ని రోజులు పక్కన పెట్టి, తర్వాత ఆ గుర్తుల ఆధారంగా మొత్తం వ్యాసాన్ని తన మాటల్లో తిరిగి రాసేవాడు. అప్పుడు మూలంతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. తనకు పదసంపద చాలడం లేదని ఆ పనిలోనే గ్రహించానని ఆయనే చెప్పుకున్నాడు. దాంతో కొన్ని కథలను పద్యాలుగా మార్చి, మరిచిపోయాక మళ్లీ వచనంలోకి తెచ్చేవాడు. పద్యంలో లయకు సరిపోయేలా ఒకే అర్థానికి వేర్వేరు నిడివి గల పదాలు వెతకాలి కదా!

మీరు పద్యం దాకా వెళ్లనవసరం లేదు. వారానికి రెండుసార్లు ఒక మంచి ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం నుంచి ఒక్క పేరా తీసుకుని ఇలా చేయండి. రాస్తూ రాస్తూ ఒక చోట కలం ఆగుతుంది. చెప్పాల్సింది మనసులో ఉంటుంది, మాట ఉండదు. మూలం తెరిచి ఆ చోట రచయిత ఏం వాడారో చూసినప్పుడు దొరికే పదం ఆకలి మీద తిన్న అన్నంలా ఒంటికి పడుతుంది. అలాంటివి వారానికి ఐదారు దొరికినా చాలు. వాటిని వాక్యంతో సహా చీటీల మీద రాసి, మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు తిరగేయండి. నేర్చినది తొలి గంటల్లోనే వేగంగా జారిపోతుందని జర్మనీకి చెందిన మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే ప్రయోగపూర్వకంగా చూపాడు. మీ ఇరవై పదాలు ఏమైపోయాయో ఆయన లెక్కలు చెబుతాయి.

వృత్తి విషయానికొస్తే, అన్ని రాత ఉద్యోగాలకూ అపారమైన పదసంపద అక్కర్లేదు. విమానాల నిర్వహణ పత్రాల కోసం రూపొందించిన సరళ ఇంగ్లీషు ప్రమాణంలో అనుమతించిన సాధారణ పదాలు 900 దాకా మాత్రమే, సాంకేతిక పదాలు వేరు. ఇలాంటి పత్రాలు రాసే టెక్నికల్ రైటర్‌గా వెళ్లాలంటే ఒక్కో పదాన్ని ఒకే అర్థంలో వాడే క్రమశిక్షణ ముఖ్యం. వ్యాసాలు, కథనాలే మీ దారి అయితే పైన చెప్పిన సాధన తప్పదు.

డిగ్రీ తర్వాత ఎంఏ ఇంగ్లీషు మంచి ఎంపిక. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైన హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఇప్పుడు కేంద్రీయ విశ్వవిద్యాలయం. ప్రవేశ విధానం ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. అప్పటికి కనీసం మూడేసి సార్లు తిరగరాసిన నాలుగు వ్యాసాలు మీ చేతిలో ఉండేలా చూసుకోండి. మొదటిది మీ ప్రాంతపు వరి కోతల మీద రాయండి. ‘పాడీ’ ఎలాగూ వస్తుంది, కూలీలు మధ్యాహ్నం చెట్టు కింద కూర్చునే చోట ‘షేడ్’ కూడా అవసరపడుతుంది.